ఇంకుడు బావి తవ్వించాం: తవ్వినవాళ్లకు ఐదు స్టార్లు, ఫిల్టరు అమ్మినవాళ్లకు రెండు

మిద్దె మీద పడ్డ వాన నీళ్లను నేలలోకి ఇంకించే బావి ఇది. ముందు ధరలు చెప్పేస్తాను. ఎవరు రాసిన రివ్యూ చదివినా నేను మొదట వెతుక్కునేది అవే. మూడడుగుల సిమెంటు వరలు 22, తవ్వకం కూలి, చుట్టూ కంకర, పైన మూత అన్నీ కలిపి 39,000. మిద్దె మీంచి పైపులు, ఫిల్టరు, బిగింపు 21,500. తవ్విన మన్ను ఎత్తుకుపోయిన ట్రాక్టరుకు 3,600. ఈ మూడోది ముందు ఎవరూ చెప్పలేదు, దాని సంగతి తర్వాత. మొత్తం 64,100. ఇవి 2024 మే నెల రేట్లు. ఇల్లు బెంగళూరు హోరమావులో, 30 బై 40 సైటు, మూడు వాటాలు, పదకొండు మంది మనుషులు.

తవ్వించి ఏడాదిన్నర అయింది. రెండు వానాకాలాలు చూశాక రాద్దామనే ఇన్నాళ్లు ఆగాను. తవ్విన మర్నాడే "సూపర్, హైలీ రికమెండెడ్" అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. బావి పనితనం వాన పడితే కదా తెలిసేది!

మా బోరు 2011లో వేసింది, 620 అడుగులు. అప్పుడు రెండించుల నీళ్లు పడ్డాయని బోరు లారీ వాళ్లకు స్వీటు ప్యాకెట్లు కూడా పంచాం. 2023లో వానలు మొహం చాటేశాయి. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 కరువు తాలూకాలని ప్రకటించారు. బెంగళూరులో ఉన్న మాబోటివాళ్లకు మాత్రం అదంతా పేపర్లో వార్తే. 2024 ఫిబ్రవరి 12 పొద్దున మోటారు వేస్తే పైపులో గాలి బుస తప్ప చుక్క రాలేదు. తేదీ ఇంత కచ్చితంగా ఎలా చెప్తున్నానంటే, మొదటి ట్యాంకరు డబ్బులు ఆ రోజే పుస్తకంలో రాశాను. నేను ఒక గార్మెంట్స్ యూనిట్లో లెక్కలు రాస్తాను. ఇంట్లోనూ అదే జబ్బు.

ఆ నెలలు మీకూ గుర్తుండే ఉంటాయి. ఊళ్లో సర్కారు బోర్లు పద్నాలుగు వేల దాకా ఉంటే అందులో ఏడు వేలకు దగ్గరగా ఎండిపోయాయన్నారు. తన ఇంటి బోరు కూడా ఎండిందని అప్పటి ఉప ముఖ్యమంత్రి శివకుమార్ గారే చెప్పుకున్నారు. తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించింది. మార్చిలో ట్యాంకర్లకు ధర కట్టారు. ఐదు కిలోమీటర్ల లోపల అయితే 6,000 లీటర్లకు 600, 12,000 లీటర్లకు 1,000. మా వీధికొచ్చే ట్యాంకరు అబ్బాయికి ఆ వార్త చూపిస్తే, "ఆ రేటుకు ఎవరు పోస్తారో వాళ్లకే ఫోన్ చెయ్యండక్కా" అని నవ్వాడు. ఆ రోజు 6,000 లీటర్లకు 1,500 ఇచ్చి పోయించుకున్నాను. ఫిబ్రవరి 12 నుంచి మే 20 దాకా 31 ట్యాంకర్లు, 38,700 రూపాయలు. పైన బావి ధర మళ్లీ ఒకసారి చూడండి. నీళ్లు కొన్న డబ్బుతో నీళ్లు దాచే బావి వచ్చేది, కొన్ని వందలు తక్కువగా.

ఆ మార్చిలోనే మా నాయన కళ్యాణదుర్గం పక్కన మా పల్లె నుంచి కంటి ఆపరేషన్‌కని వచ్చాడు. ఎండలు తగ్గేదాకా ఉండమంటే జూన్ దాకా ఉన్నాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ట్యాంకర్లు లెక్కపెట్టడం ఆయన పని. ఒకరోజు అడిగాడు: "ఈడ ఏడాదికి వానెంత పడుతుంది?" చూసి చెప్పాను, సగటున 970 మిల్లీమీటర్ల దాకా. మా అనంతపురానికి 550కి అటూ ఇటూ. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో మాదొకటి. నాయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మాకు పడేదానికి రెట్టింపు కొంచెం తక్కువ. ఇంత వాన పడే ఊర్లో లారీలో నీళ్లు కొంటారా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. 2010లో ఇల్లు కట్టినప్పుడు ప్లాను పాస్ కావడానికి వాన నీటి ఏర్పాటు చూపించాలంటే, ఒక పైపు, ఒక ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టి ఫోటో తీయించాం. ఆ డ్రమ్ములో ఇప్పుడు మా కింది వాటావాళ్లు బియ్యం పోసుకుంటున్నారు.

సరే, కొటేషన్ల సంగతి. మొదట ఫిల్టరు కంపెనీ నుంచి టై కట్టుకున్న అబ్బాయి వచ్చాడు. కంపెనీ పేరు రాయను, ఒక్క మా ఇంటి అనుభవానికి పేరు పెట్టి ఊరేగించడం న్యాయం కాదు. ట్యాబ్లెట్లో బొమ్మలు చూపించాడు, బాగున్నాయి. "మూడు నెలల్లో మీ బోరు మళ్లీ ఫుల్ అవుతుంది మేడమ్" అన్నాడు. పైగా, అసలు బావే అక్కర్లేదు, వడకట్టిన నీళ్లు నేరుగా బోరు కేసింగులోకే వదిలేద్దాం, ఖర్చు మిగులుతుంది అన్నాడు. నేను సరే అనబోయాను. నాయన కుర్చీలోంచే, "మిద్దె మీద పావురాలు లేవా నాయనా?" అని అడిగాడు. ఉన్నాయి, బోలెడు. "వాటి రెట్టలు కడుక్కొచ్చిన నీళ్లు నేరుగా బోర్లోకి పోతే వీధంతా అవే తాగాల. మన్నులో దిగి పోతే మన్ను వడకడుతుంది. ఆ సన్న జాలీ ఏం వడకడుతుంది?" అబ్బాయి నవ్వి, మా దాంట్లో మూడు లేయర్లు ఉంటాయి అంకుల్ అన్నాడు. నేను బావికే మొగ్గాను. తర్వాత చదువుకుంటే ఇంకో సంగతీ తెలిసింది. అలా బోర్లోకి వదిలిన నీళ్లలో సన్నటి వండు, అంటే ఒండ్రుమట్టి, ఉంటే అది రాతి సందుల్లో పేరుకుని, ఉన్న ఊటను కూడా మూసేస్తుంది.

బావి మేస్త్రీ నంబరు మా వెనక వీధి ఆవిడ ఇచ్చింది. ఆయనకు బోర్డు లేదు, ఆఫీసు లేదు, విజిటింగ్ కార్డు లేదు. టీవీఎస్ మోపెడ్ మీద కొడుకుతో కలిసి వచ్చాడు. నేను కన్నడంలో మొదలుపెడితే ఆయన ఇంటి చుట్టూ ఒకసారి తిరిగొచ్చి తెలుగులో అడిగాడు: "పాయిఖానా గుంత యాడుందమ్మా?" ఇదే మొదటి ప్రశ్న. ట్యాబ్లెట్ అబ్బాయి గంటసేపు కూర్చుని కూడా ఇది అడగలేదు. వాళ్ల బొమ్మలో బావి ఇంటి వెనక, పాత సెప్టిక్ గుంతకు ఎనిమిదడుగుల దూరంలో ఉంది! మేస్త్రీ దాన్ని ముందుకు, కారు నిలిపే చోటికి మార్చాడు. సైటులో అంతకంటే దూరం దొరకదు.

వీళ్లు మన్ను వడ్డర్లు. మన దిక్కున వడ్డెర అంటాం. బావులు, చెరువులు, కాలువలు తవ్వడమే తాతలనాటి వృత్తి. కర్ణాటకలో ఉన్నా ఇంట్లో మాట తెలుగే, కాకపోతే సగం కన్నడం కలిసి ఉంటుంది. కొళాయి నీళ్లు రాకముందు ఈ ఊరు చెరువులు, బావుల మీదే బతికింది కదా, ఆ బావుల్లో ఎన్నో వీళ్లవాళ్లు తవ్వినవే. బోర్లు వచ్చాక పని పోయింది. 2015లో నీళ్ల మీద పనిచేసే బయోమ్ ట్రస్టు వాళ్లు బెంగళూరుకు పది లక్షల ఇంకుడు బావులు అని మొదలుపెట్టిన ప్రచారం వల్ల మళ్లీ పిలుపులు పెరిగాయని మేస్త్రీ చెప్పాడు. "మా నాయన నీళ్లు తోడను తవ్వె, నేను నీళ్లు పొయ్యను తవ్వతా ఉండా" అన్నాడు.

పని మూడు రోజులు. మనుషులు ముగ్గురు. ఇది నేను సెలవు పెట్టి మరీ చూశాను. నాలుగడుగుల గుండ్రం గీసి మొదలుపెట్టారు. లోపల ఒక్కడే పడతాడు, వాడూ గొంతుక్కూర్చునే. చిన్న గడ్డపార, కురచ కామ ఉన్న పార. మన్ను తట్టలో నింపితే పైన ఇద్దరు మోకుతో లాగి పోస్తారు. గుండ్రం చెడకుండా ఒక కర్రముక్క ఉంటుంది, సరిగ్గా నాలుగడుగులు. ప్రతి అడుక్కీ దాన్ని అడ్డంగా, నిలువుగా తిప్పి చూసుకుంటాడు. కర్ర రెండు వైపులా మన్నును తాకితే సరి. టేపు లేదు, లేజరు లేదు. తర్వాత వర దింపితే చుట్టూరా ఒకటే సందు, అర్ధ అడుగుకు తక్కువ, ఎక్కడా తేడా లేదు. వాళ్ల మధ్యాహ్నం భోజనం రాగి సంగటి, చెనిక్కాయ ఊరిబిండి. నాయన వాళ్లతో కూర్చుని తిని, మా ఇంట్లో అన్నం వద్దన్నాడు ఆ మూడు రోజులూ.

మొదటి ఆరడుగులు ఎర్రమన్ను. తర్వాత జిగట. పదమూడు, పద్నాలుగు అడుగుల దగ్గర రంగు మారింది, పసుపు తిరిగిన గరుకు మొరం. లోపలున్న పిల్లాడు పిడికెడు తట్టలో వేసి పంపితే మేస్త్రీ దాన్ని వేళ్ల మధ్య నలిపి, నా అరచేతిలో పోసి, "ఈడ్నుంచి తాగుతాది" అన్నాడు. పైనున్న జిగటమన్ను తాగదట. చాలామంది పదడుగులకే ఆపేసి డబ్బు మిగిలిందనుకుంటారు, ఆ బావి తొట్టిలాగా నిండి నిలబడి దోమలు పెంచుతుంది. మేము 22 అడుగుల దాకా పోయాం. అడుగున కాంక్రీటు వేయరు, మన్నే. వరలకు చుట్టూ బెజ్జాలు, వరకూ మన్నుకూ మధ్య 40 మిల్లీమీటర్ల కంకర. లోపలంతా బోలు. మన పల్లెల్లో ఇంకుడు గుంత అంటే గుంత తవ్వి రాళ్లు నింపడం. అందులో సగం చోటు రాళ్లకే పోతుంది, వండు పేరుకుంటే రాళ్లన్నీ తీసి కడగాలి. దీంట్లో అయితే మనిషి దిగి తట్టతో ఎత్తేస్తాడు, అయిపోయింది.

చివరి రోజు పరీక్ష. నాలుగు డ్రమ్ములు, అంటే 800 లీటర్లు బావిలో పొయ్యాలన్నాడు. నా గుండె గుభేలుమంది, అవి కొన్న నీళ్లు. "కొన్న నీళ్లు భూమికి పోసేది ఇదే చూడ్డం" అని నాయన ఒకటే నవ్వు. పోస్తే నాలుగడుగుల ఎత్తు నిలిచింది. సరిగ్గా రెండున్నర గంటల్లో అడుగు కనిపించింది. మేస్త్రీ గడియారం చూడలేదు. ఆ రెండున్నర గంటలు వేపచెట్టు కింద పడుకుని లేచి, వంగి చూసి, "అయిపోయుంటాది" అన్నాడు.

వీళ్ల మీద నా ఫిర్యాదు ఒక్కటే. నాలుగు ట్రాక్టర్ల మన్ను రోడ్డు మీద పోసి, ఇది మీరే ఎత్తించుకోవాల అన్నారు. తవ్వకం రేటులో మన్ను తరలించడం ఉండదని ముందే చెప్పి ఉంటే సరిపోయేది. రెండు రోజులు వీధివాళ్లందరి చేతా తిట్లు తిన్నాను. మీరు మాట్లాడుకునేటప్పుడు ఇది ముందే అడగండి.

ఇక వాన. ఆ ఏడాది ఏప్రిల్‌లో బెంగళూరులో ఒక్క చుక్క పడలేదు. 1983 తర్వాత ఏప్రిల్ అంతా ఎండగా పోవడం అదే మొదలట. అలాంటిది జూన్ 2, ఆదివారం సాయంత్రం మొదలై, ఒక్క రోజులో 111.1 మిల్లీమీటర్లు. జూన్ నెలలో ఒక్క రోజులో అంత వాన పడటం 133 ఏళ్లలో లేదు, పాత రికార్డు 1891ది. నేను చిన్నప్పటి నుంచీ విన్న వానలెక్క నెలల్లో ఉండేది, కార్తెల్లో ఉండేది. ఇప్పుడు గంటల్లో ఉంటోంది. ఏడాది మొత్తం చూస్తే సగటు అలాగే కనపడొచ్చు, పడే రోజులు మాత్రం తగ్గిపోయి, పడిన రోజు కుండపోత. బావి ఎంత లోతు, పైపు ఎంత లావు అన్నది ఆ కుండపోత రోజును చూసి కట్టుకోవాలి, సగటును చూసి కాదు. మాకు ఇది ఎవరూ చెప్పలేదు.

లెక్క చూడండి. మా మిద్దె వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. 111 మిల్లీమీటర్లకు పది వేల లీటర్ల పైచిలుకు. మా బావి నోటిదాకా నిండితే పట్టేది 4,400. ఇంకేది ఇంకుతూ ఉన్నా, గంటన్నరలో నిండిపోయింది. నిండితే నీళ్లు పొంగుపైపు గుండా రోడ్డు కాలువలోకి పోవాలి. కంపెనీ ప్లంబరు ఆ పైపును బయటికి వాలుగా కాకుండా బయటికి ఎత్తుగా బిగించి పోయాడు! నీళ్లు వెనక్కి తన్ని ఫిల్టరు మూత లేపి, కారు నిలిపే చోటంతా మడుగైంది. కింది వాటావాళ్ల చెప్పులు తేలుకుంటూ పక్కింటి గేటు దాకా పోయాయి. రాత్రి పదింటికి నేనూ మా ఆయనా చీపుర్లతో నీళ్లు తోస్తుంటే, నాయన మాత్రం బ్యాటరీ లైటు పట్టుకుని బావిలోకి చూస్తూ, "బాగా తాగతాంది" అని సంబరపడుతున్నాడు.

సోమవారం కంపెనీకి ఫోన్ చేస్తే టికెట్ రేజ్ చేశామన్నారు. తొమ్మిదో రోజు మనిషి వచ్చాడు. వారంటీ ఉన్నా విజిటింగ్ చార్జి 850 తీసుకున్నాడు. తప్పు తవ్వినవాళ్లది అన్నాడు. అప్పటికే మా మేస్త్రీ, తన పని కాకపోయినా, మంగళవారం సాయంత్రం వచ్చి నీళ్లు నింపిన సన్న ట్యూబుతో మట్టం చూసి పైపు తిరగబిగించి పోయాడు. టీ తాగి 300 తీసుకున్నాడు. అదీ బలవంతం మీద. రెండు స్టార్లు ఎందుకిచ్చానో అర్థమైంది కదా. ఆ రెండైనా ఫిల్టరుకే. వస్తువు మంచిదే. లోపలి స్టీలు జాలీ ఊడదీసి కొళాయి కింద కడిగితే అయిదు నిమిషాల పని. మొదటి వానకు వచ్చే మురికిని బయటికి వదిలే వాల్వు కూడా గట్టిదే, కాకపోతే అది తిప్పడం మనకు గుర్తుండాలి. నేను రెండుసార్లు మర్చిపోయాను.

ఆ పొంగు వల్ల ఒక మంచి జరిగింది. బావి నిండి రోడ్డు మీదికి పోయే బదులు ముందు సంపులోకి ఎందుకు పోకూడదు అని నాయన అడిగాడు. కంపెనీవాళ్ల డిజైనులో వాన మొత్తం బావికే. ఇంకో 1,900 పెట్టి ఒక అడ్డపైపు, వాల్వు వేయించాం. ఇప్పుడు ముందు సంపు, అది నిండితే బావి, అదీ నిండితే రోడ్డు. ఒక మాదిరి వాన, 20 మిల్లీమీటర్లు పడితే, మొదటి మురికి పోను 1,500 లీటర్లు సంపులో పడతాయి. బట్టలకు, బాత్రూములకు, గిన్నెలకు వాడేస్తాం. ఆ మేరకు నేల నుంచి తోడే పని లేదు. తవ్వించాలనుకునేవాళ్లు ప్లంబరుకు మొదటి రోజే ఇది చెప్పండి, నాలాగా తిరగదోడించుకోవద్దు.

అసలు ప్రశ్న అందరూ అడిగేది: బోరు వచ్చిందా? మూడు నెలల్లో ఫుల్ అన్నది అబద్ధం. అబద్ధమని నా పుస్తకమే చెప్తుంది. ఏడాదికి 970 మిల్లీమీటర్లు పడితే మా మిద్దె మీద 90,000 లీటర్లు. అందులో పోయేది పోగా 72,000 చేతికొస్తాయనుకుందాం. పన్నెండు ట్యాంకర్లు. మేము పదకొండు మందిమి వాడేది రోజుకు రెండు వేల చొప్పున ఏడాదికి 7,30,000. పదోవంతు వేసి పది వంతులు తీసుకుంటే ఏ ఖాతా నిలుస్తుంది? పైగా ఆ ఖాతా మా ఒక్కరిది కూడా కాదు, వీధి మొత్తానిది. మన కింద ఉన్నది ఇసుక కాదు, గట్టిరాయి. పైన కొన్ని పదుల అడుగులు మెత్తబడిన మన్నూ మొరం, అది దూదిలాగా నీళ్లు పట్టుకుంటుంది. దాని కింద రాయి, రాతిలో ఎక్కడో సన్న సందులు. 620 అడుగుల దగ్గర మా బోరు తాగేది ఆ సందుల్లోంచి. 22 అడుగుల బావిలో పోసిన నీళ్లు ముందు ఆ పై దూదిని తడపాలి. అక్కడి నుంచి అవి మా బోరుకే వస్తాయో, పక్కవాళ్ల బోరుకు పోతాయో రాతి ఇష్టం. బెంగళూరు నగర జిల్లాను కేంద్ర భూగర్భజల మండలి 'అతిగా తోడేసిన' జాబితాలో పెట్టింది ఊరికే కాదు.

జరిగింది చెప్తాను. 2024 నవంబరు నుంచి బోరు రోజుకు ఇరవై నిమిషాలు పోస్తోంది. 2025 ఎండాకాలంలో పది నిమిషాలకు పడింది, కానీ పూర్తిగా ఆగలేదు. అంతకుముందు ఏడాది అదే నెలల్లో 31 ట్యాంకర్లు కొన్నచోట 14 కొన్నాం. అయితే 2024లో వానలు బాగా పడ్డాయి, అక్టోబరులో కావేరి నీళ్ల పథకం ఐదో దశ మొదలయ్యాక మా వీధికీ వారానికి రెండుసార్లు నీళ్లొస్తున్నాయి. వంద కిలోమీటర్ల అవతలి నుంచి, అయిదు వందల మీటర్లు ఎత్తుకు పంపు చేసి తెచ్చే నీళ్లవి. మిగిలిన 17 ట్యాంకర్లలో బావి పుణ్యమెంత, కావేరి పుణ్యమెంత అని విడదీసి చెప్పేవాడు ఎవడైనా వస్తే వాడు మీకేదో అమ్ముతున్నాడని అర్థం.

మరి తెలిసేదెలా అంటే, మా నాయన దగ్గర ఒక విద్య ఉంది. ఇరవయ్యేళ్ల కిందట మా జిల్లాలో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని నోరు తిరగని పేరుతో ఒక ప్రాజెక్టు వచ్చింది, ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ సాయంతో. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. సబ్సిడీ లేదు, మోటారు లేదు, ఉచితంగా ఇచ్చిందేమీ లేదు. నేర్పింది కొలవడం. రోజూ వాన ఎంత పడిందో, పదిహేను రోజులకొకసారి బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో రైతులే కొలిచి గోడ మీద బోర్డులో రాసేవాళ్లు. రబీకి ముందు అందరూ కూర్చుని, భూమిలో ఇంతుంది, మనం వెయ్యాలనుకున్న పంటలకు ఇంత కావాలి అని తీసివేతలు. ఒక ఏడాది మా ఊరి లెక్క మైనస్ వచ్చిందట. వరి వెయ్యొద్దని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నాయన బోర్డు ముందు నిలబడి చూసి, ఇంటికొచ్చి, వరి మడిలో సగం జొన్న వేశాడు. అమ్మ ఆ ఏడాదంతా జొన్నరొట్టెలు చేస్తూ ఆ బోర్డును తిట్టింది. అందరూ మారారని కాదు. బోరు వెయ్యాలంటే అనుమతి కావాలని 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చినా, టెంకాయ అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసేవాళ్ల గిరాకీ ఏమీ తగ్గలేదు. మాకే నాలుగు బోర్లు, రెండు ఎండినవి.

ఆ అలవాటుతో నాయన ఇక్కడ కూడా ఊరుకోలేదు. నిలువు గోడలున్న ఊరగాయ సీసా ఒకటి కడిగి, బయట స్కేలు అంటించి, మిద్దె మీద ఇటుకల మధ్య నిలబెట్టాడు. అదే వానకొలత. బావికి ఒక నైలాను తాడు, అడుగడుక్కీ ముడి, కొసన రాయి. జూన్ 3 పొద్దున ఏడింటికి మొదటి లెక్క నా పుస్తకంలో ఆయన చేతి రాతతో ఉంది: "నీళ్లు 5 అడుగులు కింద." మంగళవారం సాయంత్రానికి 16. బుధవారం బావి ఖాళీ. రెండో వానాకాలంలో అదే బావి ఖాళీ కావడానికి ఇంకో రోజు ఎక్కువ పట్టడం మొదలైంది. అడుగున వండు పేరుకుంది. ఆ తాడు లేకపోతే నాకు తెలిసేదే కాదు. మేస్త్రీ కొడుకు దిగి నాలుగు తట్టల వండు తీశాడు, 1,500. మళ్లీ రెండు రోజుల్లో తాగేస్తోంది.

మా వీధిలో ఇప్పుడు నాలుగిళ్లలో బావులు పడ్డాయి, నాలుగూ ఈ మేస్త్రీవే. ఆ నాలుగిళ్ల లెక్కలు నా పుస్తకంలోనే రాస్తాను. మిగిలినవాళ్లను మీ బోరు లోతెంత, నీళ్లు ఎంత కింద ఉన్నాయి అని అడిగితే జీతం అడిగినట్టు మొహం పెడతారు. మా పక్క అపార్టుమెంటువాళ్లయితే అసోసియేషన్ మీటింగులో పెడతామన్నారు, ఇంకా పెడుతూనే ఉన్నారు. ఇదే హోరమావులో 2025 మే నెలలో సాయి లేఅవుట్ మునిగితే జనాన్ని ట్రాక్టర్లలో, పడవల్లో బయటికి తెచ్చారు. ఏడాది ముందు అదే చుట్టుపక్కల ట్యాంకరు కోసం క్యూ కట్టాం.

తవ్వించే ముందు చూడాలనుకుంటే జయనగర్ ఐదో బ్లాకులో విశ్వేశ్వరయ్య పేరుతో వాన నీటి పార్కు ఉంది, జలమండలివాళ్లది. రకరకాల ఫిల్టర్లు, గుంతలు కోసి చూపించినట్టు పెట్టారు. నేను బావి తవ్వించాక పోయాను, ముందే పోవాల్సింది. ట్యాబ్లెట్ అబ్బాయి మాటల్లో సగం అక్కడే తేలిపోయేవి.

మేస్త్రీ నంబరు ఇక్కడ పెట్టొద్దన్నాడు. ఒకసారి ఎవరో పెడితే రాజస్థాన్ నుంచి కూడా ఫోన్లొచ్చాయట. కావాల్సినవాళ్లు సాయంత్రం ఆరు దాటాక మా ఇంటికి రండి, బావి తెరిచి చూపించి నంబరు ఇస్తాను. మూత పిల్లలు లేపకూడదని బరువుగా పోయించాం, నా ఒక్కదాని వల్ల కాదు. తోడు ఇంకొకరిని తెచ్చుకోండి.